కమ్యూనిటీ డే మధ్యాహ్నం 2 నుంచి 5: ఎండాకాలం తిరుపతిలో ఎట్ల ఆడేది?

అలిపిరి_అన్వేషి
ఫోనుతో వీధుల్లో తిరిగి బొమ్మ జీవుల్ని పట్టే పోకెమాన్ గో ఆటలో, ఒకే పోకెమాన్ గుంపులుగా వచ్చే కమ్యూనిటీ డే టైమింగ్ గురించి సూటిగా అడుగుతా ఉండా. స్థానిక సమయం మధ్యాహ్నం 2 నుంచి 5. ఏప్రిల్, మే నెలల్లో ఆ టైముకి తిరుపతిలో 40 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. గాంధీరోడ్డులో అంగళ్ళోళ్ళు కూడా పరదా దించుకోని లోపల కూర్చునే పొద్దు అది. ఈ ఆటేమో నడిస్తేనే ఆట. నిలబడిన చోటే ఉంటే చుట్టూ ఉన్నవి పట్టేసినాక మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూడాల. నడిస్తే ఎండ. ఫోను కూడా ఆ ఎండకి ఆగదు, కాసేపటికే స్క్రీన్ మసకబారి పోకెమాన్‌ని పట్టేందుకు విసిరే బాల్ యాడికి పోతా ఉందో కనపడదు. నెలకి ఒకసారి వచ్చే మూడు గంటలు, మన ఊళ్ళో అవే పనికిరాని మూడు గంటలు. రెండు విషయాలు చెప్పండి. టైము మార్చమని ఫీడ్‌బ్యాక్ పంపితే ప్రయోజనం ఉందా? మార్చేదాకా ఈ ఎండలో దెబ్బతినకుండా ఆడే దారి ఏంది?

తిలక్‌రోడ్_ట్రైనర్
మే నెలలో రెండు గంటలకి బయటికి పోతామంటే ఏ ఇంట్లో అమ్మ ఒప్పుకుంటాది సామీ.

బెర్రీ_బ్యాగు
టైము ఎప్పుడూ ఇదే అనుకోవద్దండి. కమ్యూనిటీ డే మొదలైంది 2018 జనవరిలో, అప్పుడు మూడు గంటలే. 2020లో కరోనా టైములో ఆరు గంటలు చేశారు, ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ మూడు గంటలకి తగ్గించి 2 నుంచి 5కి పెట్టారు. అప్పుడు చెప్పిన కారణం, మూడు గంటల కంటే ఎక్కువసేపు ఆడేవాళ్ళు 5 శాతం కూడా లేరని. అంతకుముందు ఇంకోటి ఉంది, అది మనకి ముఖ్యం. 2019 జులైలో మడ్‌కిప్ అనే పోకెమాన్ వచ్చినప్పుడు సాయంత్రం 4 నుంచి 7 దాకా నడిపారు. అంటే టైము జరపడం వాళ్ళకి తెలియని పని కాదు.

అలిపిరి_అన్వేషి
4 నుంచి 7 అంటే మనకి సరిగ్గా సరిపోతాది. అయిదింటికల్లా ఎండ వాలిపోతాది, ఏడు దాకా వెలుతురు కూడా కాస్త ఉంటాది.

పలమనేరు_పిడ్జీ
నేను ఒప్పుకోను. ఆరు గంటలు ఉన్నప్పుడు ఒకరు పదకొండుకి, ఒకరు మూడుకి వచ్చేవాళ్ళు. ఒక పోకెస్టాప్ (గుడి, విగ్రహం లాంటి చోట ఆటలో బాల్స్ ఇచ్చే గుర్తు) దగ్గర నలుగురు కలిసింది లేదు. మూడు గంటలు చేసినాకే గుంపు కనపడతా ఉంది. గుంపు ఉంటేనే స్టాప్‌కి పోకెమాన్‌లని రప్పించే లూర్లు వరసగా పడతాయి, అక్కడికక్కడే ట్రేడ్లు, అంటే పోకెమాన్‌ల మార్పిడి, జరగతాయి. పేరులోనే కమ్యూనిటీ ఉన్న రోజుని ఎవరికి వాళ్ళు ఆడుకునేలా చేస్తే ఇంకేం మిగలతాది?

అలిపిరి_అన్వేషి
పిడ్జీ అన్నా, నేను ఆరు గంటలు అడగలేదు. మూడు గంటలే ఉండనీ, ఎండ తగ్గినాక పెట్టమంటా ఉండా. గుంపు వాదన సాయంత్రానికీ అంతే వర్తిస్తాది కదా. మంగళవారం స్పాట్‌లైట్ అవర్ (ఒకే పోకెమాన్ ఎక్కువగా వచ్చే గంట), బుధవారం రెయిడ్ అవర్ (గుంపుగా పోరాడే గంట), రెండూ సాయంత్రం 6 నుంచి 7 దాకానే నడుపుతా ఉండారు. వారంవారం జనం సాయంత్రం వస్తారని వాళ్ళకీ తెలుసు.

పలమనేరు_పిడ్జీ
అది న్యాయమే. 4 నుంచి 7 అయితే నాకూ అభ్యంతరం లేదు. ఆరు గంటలు మాత్రం వద్దు.

తిలక్‌రోడ్_ట్రైనర్
పలమనేరు చల్లగా ఉంటాది కాబట్టి మీరు మధ్యాహ్నం కూడా ఆడతారు అన్నా. ఒకసారి మే నెలలో కొండ దిగి మా తట్టుకి రాండి.

సున్నా_షైనీ
టైము సంగతి పక్కన పెట్టండి. షైనీ, అంటే వేరే రంగులో మెరిసే అరుదైన పోకెమాన్, వచ్చే రేటు తగ్గించేశారా? పోయిన ఈవెంట్‌లో అరవైకి పైనే నొక్కి చూస్తే ఒక్కటి మెరవలేదు. పక్కనోళ్ళకి నాలుగు, అయిదు.

ఎస్వీయూ_స్టార్‌డస్ట్
తగ్గించాల్సిన పనిలేదు, లెక్కే అట్ల ఉంటుంది. కమ్యూనిటీ డేలో షైనీ వచ్చే అవకాశం దాదాపు 25లో 1 అని ఆటగాళ్ళు లెక్కలు పోగేసి తేల్చారు. మామూలు రోజుల్లో చాలా పోకెమాన్‌లకి అది 500లో 1 దగ్గర. 25లో 1 అంటే 25 నొక్కితే ఒకటి తప్పకుండా వస్తుందని కాదు. ప్రతి నొక్కుడికీ రాకపోయే అవకాశం 96 శాతం. 25 నొక్కినా ఒక్కటీ రానివాళ్ళు నూటికి 36 మంది ఉంటారు. 50 నొక్కితే 13 మంది. 60కి ఎనిమిది తొమ్మిది మంది. 100 నొక్కినా ఖాళీగా మిగిలేవాళ్ళు నూటికి ఇద్దరి లోపే. కాబట్టి 60 దగ్గర ఆపేసినవాళ్ళకి పన్నెండు మందిలో ఒకరికి ఇట్ల అవుతుంది. రేటు మీద ఫిర్యాదు రాస్తే మన మిగతా ఫిర్యాదు కూడా తేలికైపోతుంది. అది వదిలేసి, 100 దాటేలా ఎట్ల ఆడాలో చూద్దాం.

సున్నా_షైనీ
షైనీ కావాలంటే పట్టాల్సిందేనా, నొక్కి చూసి వెనక్కొస్తే చాలదా?

ఎస్వీయూ_స్టార్‌డస్ట్
షైనీనా కాదా అని తెలియడానికి నొక్కితే చాలు. మ్యాప్ మీద మామూలు రంగే కనపడుతుంది, లోపలికి పోయినాకే మెరుపు. షైనీ ఒక్కటే కావాలంటే నొక్కు, చూడు, పారిపో. కానీ పట్టినందుకు వచ్చే క్యాండీ, స్టార్‌డస్ట్ (పోకెమాన్‌ని పెంచడానికి వాడేవి) పోగొట్టుకుంటారు. త్వరగా పట్టే పద్ధతి నేర్చుకుంటే రెండూ దక్కుతాయి. కుడివైపు కింద బాల్ మార్చే బొత్తాన్ని ఒక వేలితో ఎడమకి జరిపి అట్లనే పట్టుకోండి. రెండో చేతి వేలితో బాల్ విసరండి. బాల్ తగలగానే మొదటి వేలు వదిలేయండి. బాల్స్ వరస తెరుచుకుంటుంది, దాన్ని మూసి పైన ఎడమవైపు పారిపోయే గుర్తు నొక్కండి. బాల్ ఊగేది చూస్తా కూర్చోనక్కర్లేదు. దొరికి ఉంటే మ్యాప్ మీద ఆ పోకెమాన్ మాయమవుతుంది, తప్పించుకుని ఉంటే అక్కడే నిలబడి ఉంటుంది. బాల్ తగలకముందే వేలు వదిలితే వరస తెరుచుకోదు, మళ్ళీ విసరాలి. కొత్తవాళ్ళకి పది పదిహేను బాల్స్ వృథా అవుతాయి, అందుకే ఈవెంట్ ముందురోజు అలవాటు చేసుకోండి. షైనీ కనపడితే మాత్రం ఈ పద్ధతి వద్దు, తాపీగా పట్టండి.

గాలిగోపురం
ఫోను వేడి మీద వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఎండలో ఆట చెడేది ఎక్కువగా అక్కడే.

ఆపిల్ తన ఫోన్లు వాడేందుకు చెప్పే పరిసరాల ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మన మధ్యాహ్నం ఆ గీత దాటేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకీ పరిస్థితి ఇంచుమించు అదే. లోపల వేడి పెరగ్గానే ఫోను తనని తాను కాపాడుకోవడానికి మొదట స్క్రీన్ వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, ఆ పైన చార్జింగ్ ఆపేస్తుంది. మీరు ఆట హ్యాంగ్ అయిందనుకునేది చాలాసార్లు ఇదే.

వేడి నాలుగు వైపుల నుంచి వస్తుంది: స్క్రీన్, జీపీఎస్, డేటా, చార్జింగ్. మొదటి మూడూ ఆటకి తప్పవు. నాలుగోది మన చేతిలో ఉంది. పవర్‌బ్యాంకు తగిలించుకుని ఎండలో ఆడటం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వంద శాతంతో బయల్దేరండి, మధ్యలో నీడలో నీళ్ళు తాగే పదిహేను నిమిషాలు ఆట మూసేసి అప్పుడు చార్జ్ పెట్టండి. పవర్‌బ్యాంకుని ప్యాంటు జేబులో ఫోనుతో కలిపి పెట్టొద్దు. ఫోను వెనక రబ్బరు కవర్ తీసేయండి. ఏఆర్ (కెమెరా దృశ్యంలో పోకెమాన్‌ని చూపించేది) ఆపేయండి, కెమెరా వాడకం పోతుంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లో నేటివ్ రిఫ్రెష్ రేట్ ఆన్ చేసి ఉంటే ఆఫ్ చేయండి, కదలిక కాస్త మొరటుగా కనపడుతుంది కానీ వేడి బాగా తగ్గుతుంది. అక్కడే అసెట్స్ (ఆటలోని బొమ్మల ఫైళ్ళు) అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉంది, ముందురోజు రాత్రి ఇంట్లో వైఫై మీద చేసుకోండి. 5జీ సిగ్నల్ వస్తా పోతా ఉండే వీధుల్లో ఫోను దాన్ని వెతుక్కుంటానే వేడెక్కుతుంది. ఆ పూటకి 4జీకి మార్చుకుంటే ఈ ఆటకి అది చాలు.

వేడెక్కిన ఫోనుని ఐస్‌క్రీం బండి పెట్టెలోనో ఫ్రిజ్‌లోనో పెట్టడం చేయకండి. ఒక్కసారిగా చల్లబడితే లోపల తేమ చేరుతుంది. నీడలో గాలి తగిలేచోట స్క్రీన్ ఆర్పి పెడితే చాలు.

తిలక్‌రోడ్_ట్రైనర్
తడిగుడ్డ చుట్టొచ్చా?

గాలిగోపురం
వద్దు. చార్జింగ్ రంధ్రంలోకి తేమ పోతే ఆ పూటకి చార్జింగే ఎక్కదు.

చిత్తూరు_చిన్నోడు
మీరంతా ఎండ ఎండ అంటా ఉండారు. తిరుపతిలో ఎండొక్కటే కష్టం. గుళ్ళు, విగ్రహాలు, పార్కులు, యాత్రికులు తిరిగే వీధులు, స్టాప్‌లకి కావాల్సినవన్నీ మీ ఊళ్ళో ఉండాయి. చిత్తూరులో మా తట్టు ఒక స్టాప్ నుంచి ఇంకో స్టాప్‌కి పోవాలంటే ఎండలో ఎంతదూరం నడవాలో చూడండి. ఇంటి దగ్గర నిలబడి, మన దగ్గరికి పోకెమాన్‌లని రప్పించే ఇన్సెన్స్ వేస్తే అయిదు నిమిషాలకి ఒకటి వస్తాది. కదలతా ఉంటే నిమిషానికి ఒకటి. స్టాప్ లేని ఊరోళ్ళకి టైము 4కి మార్చినా 6కి మార్చినా అంతే. ఫీడ్‌బ్యాక్ రాస్తే ముందు దీని గురించి రాయండప్పా.

పలమనేరు_పిడ్జీ
ఇది నిజం. మా ఊళ్ళోనూ ఇదే.

కాణిపాకం_కింగ్
చిన్నోడా, స్టాప్‌ల కోసం కంపెనీకి ఫిర్యాదు రాస్తే జవాబు రాదు, ఎందుకంటే స్టాప్‌లు పుట్టించేది ఆటగాళ్ళే. ఆటగాళ్ళు కొత్త చోట్లు ప్రతిపాదించే వేఫేరర్ అని ఉంది. లెవెల్ సరిపోయినోళ్ళకి సెట్టింగ్స్‌లోనే కొత్త పోకెస్టాప్ ప్రతిపాదించే చోటు కనపడతాది. దానికో పేరు, చిన్న వివరణ, రెండు ఫోటోలు కావాల. మొదటి ఫోటో ఆ వస్తువుది. రెండోది దాని చుట్టుపక్కలది, అది నిజంగా అక్కడే ఉందని, నడిచి దాని దగ్గరికి పోవచ్చని చూసేవాళ్ళకి తెలియాల.

మన జిల్లా నుంచి పోయే ప్రతిపాదనలు ఎందుకు తిరిగొస్తాయో చెప్తా. ఒకటి, బండిలో కూర్చోని తీసిన ఫోటో. అద్దమో హ్యాండిలో కనపడతా ఉంటాది, కొట్టేస్తారు. మనుషుల ముఖాలు పడినా అంతే. నెట్‌లో దొరికిన ఫోటో పెడితే ఖాయంగా పోతాది. వివరణలో "ఇక్కడ స్టాప్ లేదు, ప్లీజ్ ఇవ్వండి" అని రాస్తారు, చూసేవాళ్ళకి దాంతో పనిలేదు. అది ఏ గుడి, ఏ దేవుడు, ఏం ప్రత్యేకత అని రెండు వాక్యాలు రాయండి. బళ్ళు, అంటే పిల్లల స్కూళ్ళు, అస్సలు పనికిరావు. ఒకరి సొంత ఇంటి ఆవరణ పనికిరాదు. ఫైర్ స్టేషన్, అంబులెన్స్ దారికి అడ్డం వచ్చే చోటు పనికిరాదు. రామాలయం, గంగమ్మ గుడి, గ్రంథాలయం, పార్కులో పిల్లల ఆటస్థలం, కూడలిలో విగ్రహం, ఇవన్నీ పనికొస్తాయి. మన ఊళ్ళలో వీటికేం కొదవ? ప్రతి వీధికీ ఒక గుడి ఉండాది, వాటిని ఎవరూ ఎక్కించలేదంతే.

చిత్తూరు_చిన్నోడు
మా వీధి చివర వినాయకుడి గుడి, దాని ఎదురుగానే రచ్చబండ ఉండాది. రెండూ పెట్టొచ్చా?

కాణిపాకం_కింగ్
ప్రతిపాదించొచ్చు, కానీ ఆటలో రెండూ కనపడకపోవచ్చు. భూమిని గడులుగా విడగొట్టి ఉంటారు, ఎస్2 గడులంటారు. 17వ స్థాయి గడిలో ఒక్క స్టాపే ఆటలోకి వస్తాది. ఆ గడి మన దగ్గర రమారమి 70, 80 మీటర్ల పక్క ఉంటాది. ఎదురెదురుగా ఉన్న రెండూ ఒకే గడిలో పడితే ఒకటే వస్తాది. మధ్యలో గీత పోతా ఉంటే రెండూ వస్తాయి. నెట్‌లో ఎస్2 గడుల మ్యాప్‌లు దొరకతాయి, ముందు చూసుకోని ప్రతిపాదించండి. మన ప్రతిపాదనలకి హద్దు ఉంది కదా, వృథా చేసుకోవద్దు.

జిమ్ (పోకెమాన్‌లని కాపలా పెట్టి పోరాడే చోటు) కావాలంటే 14వ స్థాయి పెద్ద గడి చూడాల. అందులో రెండు స్టాప్‌లు చేరితే ఒకటి జిమ్ అవతాది. ఆరు చేరితే రెండో జిమ్, ఇరవై చేరితే మూడోది. ఆ పైన స్టాప్‌లు ఎన్ని పెరిగినా జిమ్‌లు మాత్రం మూడే.

చిత్తూరు_చిన్నోడు
ఇది నాకు పనికొచ్చే మాట. ఈ ఎండాకాలం కొత్త గుళ్ళు ఎక్కించే పనే పెట్టుకుంటాం.

బెర్రీ_బ్యాగు
ఈవెంట్ రోజుకి సంచీ సర్దుకోవడం గురించి ఎవరూ రాయలేదు. మూడు గంటల్లో గట్టిగా తిరిగితే 250, 300 పట్టొచ్చు. ఒక్కోదానికి ఒక బాల్‌తో పోదు, 400 దాకా బాల్స్ ఉండాలి. మొదట్లో ఇచ్చే సంచీలో అన్నీ కలిపి పట్టేవే 350. కాబట్టి ఆ రోజు పెద్దగా అక్కరలేని మామూలు పోషన్‌లు, నానబ్ బెర్రీలు ముందే పారేయండి. పోకెమాన్ నిల్వలో కూడా 300 ఖాళీ కావాలి. మధ్యలో నిండిపోతే ఎండలో నిలబడి ట్రాన్స్‌ఫర్లు చేసి ఖాళీ చేసుకుంటా కూర్చోవాలి, అదే పెద్ద నష్టం. సంచీలో గానీ నిల్వలో గానీ 50 చోట్లు పెంచడానికి 200 కాయిన్‌లు (ఆటలోని డబ్బు). డబ్బు పెట్టకుండా రావాలంటే జిమ్‌లో కూర్చోబెట్టిన పోకెమాన్‌కి పది నిమిషాలకో కాయిన్, రోజుకి 50 దాటదు. అంటే 8 గంటల 20 నిమిషాలు జిమ్‌లో ఉండి తిరిగొచ్చిన రోజే పూర్తి 50. నాలుగు పూర్తి రోజులు వస్తే ఒక పెంపు. ఈవెంట్‌కి వారం ముందే మొదలుపెట్టండి.

ఏ బోనస్ ఉందో ముందు చూసుకోండి, నెలనెలా మారుతుంది. స్టార్‌డస్ట్ మూడింతలు ఉన్న నెలలో, దాన్ని ఇంకో సగం పెంచే స్టార్‌పీస్ తప్పనిసరి. మామూలుగా 100 ఇచ్చే పోకెమాన్ 300 ఇస్తుంది, స్టార్‌పీస్‌తో 450. అది 30 నిమిషాలే పనిచేస్తుంది, మూడు గంటలకి ఆరు కావాలి. ఆరు లేకపోతే నీడలో కూర్చునే టైములో వాడొద్దు, నడిచే టైముకి దాచండి. క్యాండీ రెండింతలు ఉన్న నెలలో, దాన్ని మళ్ళీ రెట్టింపు చేసే పినాప్ బెర్రీ వాడితే ఒక్కోదానికి 12 క్యాండీ. మూడు దశల పోకెమాన్‌ని చివరి దశ దాకా ఎవాల్వ్ చేయడానికి (పై దశకి మార్చడానికి) మొదట 25, ఆ పైన 100, మొత్తం 125 క్యాండీ కావాలి. పినాప్‌తో పదకొండు పడితే సరిపోతుంది.

ఎస్వీయూ_స్టార్‌డస్ట్
దీనికి ఒకటి కలపండి. ఆ రోజు వచ్చే పోకెమాన్ రకానికే చెందిన మెగా (కొంతసేపు మరింత బలంగా మార్చిన పోకెమాన్) ఒకటి చేసి ఉంచుకుంటే ప్రతి పట్టుకి ఒక క్యాండీ అదనం, పై లెవెళ్ళకి కావాల్సిన ఎక్స్‌ఎల్ క్యాండీ అవకాశం కూడా పెరుగుతుంది. ఒక పోకెమాన్‌ని 40వ లెవెల్ నుంచి 50కి పెంచాలంటే 296 ఎక్స్‌ఎల్ క్యాండీ, రెండున్నర లక్షల స్టార్‌డస్ట్ కావాలి. ఇంత దొరికే రోజు కమ్యూనిటీ డే తప్ప ఇంకోటి లేదు.

తిలక్‌రోడ్_ట్రైనర్
ఆ ఈవెంట్‌లో ఎవాల్వ్ చేస్తే వచ్చే ప్రత్యేక అటాక్ కోసం ఎవాల్వ్ ఎప్పుడు చేయాలి? ఐదింటికి ముందేనా?

బెర్రీ_బ్యాగు
ఐదు దాటినాక కూడా గడువు ఉంటుంది, ఎంతవరకు అనేది ఆ నెల న్యూస్‌లో రాస్తారు. అందుకే ఎండలో నిలబడి ఎవాల్వ్ చేయకండి. ఆ యానిమేషన్ చూస్తా ఉంటే పట్టే టైము పోతుంది. పట్టడం అంతా అయినాక ఇంటికొచ్చి ఫ్యాన్ కింద చేసుకోండి. గడువు దాటితే మిగిలేది అటాక్ మార్చే అరుదైన వస్తువు ఎలీట్ టీఎం, లేదా డిసెంబర్‌లో ఆ ఏడాది పోకెమాన్‌లన్నీ మళ్ళీ వచ్చే రెండురోజుల కమ్యూనిటీ డే. మెటాగ్రాస్ అనే పోకెమాన్‌కి ఉండే మీటియర్ మ్యాష్ అటాక్ లాంటిది లేకుండా పెంచితే ఆ పోకెమాన్ విలువే సగం పోతుంది.

సున్నా_షైనీ
నాకు షైనీ రాకపోతే ట్రేడ్‌లో తీసుకోవచ్చు కదా? చెన్నైలో బంధువులు ఆడతారు, పండక్కి తిరుపతి వస్తారు.

ఎస్వీయూ_స్టార్‌డస్ట్
తీసుకోవచ్చు. షైనీ ఏదైనా అది స్పెషల్ ట్రేడ్, మామూలుగా రోజుకి ఒకటే. అది మీ డెక్స్‌లో (పట్టినవాటి జాబితాలో) లేనిదై, ఆటలో మీ స్నేహం స్థాయి తక్కువైతే స్టార్‌డస్ట్ చాలా పోతుంది. కమ్యూనిటీ డేలో ఒక స్పెషల్ ట్రేడ్ అదనంగా ఇస్తారు, స్టార్‌డస్ట్ ఖర్చు సగానికి తగ్గుతుంది. ఇద్దరూ పక్కపక్కన ఉండాలి.

చెన్నై అంటే ఇంకో లాభం ఉంది. రెండు పోకెమాన్‌లు పట్టిన చోట్ల మధ్య దూరం 100 కిలోమీటర్లు దాటితే ట్రేడ్‌కి మూడు క్యాండీలు, ఒక ఎక్స్‌ఎల్ ఖాయం. 10 నుంచి 100 మధ్య అయితే రెండే. ఇక్కడ చూడాల్సింది రోడ్డు దూరం కాదు, నేరుగా గీత గీస్తే వచ్చేది. తిరుపతి నుంచి చెన్నై మధ్యకి సుమారు 110, సరిపోతుంది. ఆవడి తట్టు పట్టినవైతే వందలోపే పడతాయి, పనికిరావు. నెల్లూరు వంద దాటుతుంది. వేలూరు దాటదు. తిరుపతికీ చిత్తూరుకీ మధ్య అరవై కూడా లేదు, కాబట్టి మన రెండు ఊళ్ళ మధ్య ట్రేడ్‌కి రెండు క్యాండీలే. చిత్తూరోళ్ళకి బెంగళూరు చుట్టాలు ఉంటే అది బాగా దాటుతుంది.

చిత్తూరు_చిన్నోడు
వేలూరు చుట్టాలందరికీ ఈ సంగతి చెప్పి, చెన్నై పోయి పట్టుకోని రమ్మనాల.

మెట్లదారి_2388
ఆటలో నడక దూరంతో గుడ్లు పొదిగేవాళ్ళకి ఒక మాట. అడ్వెంచర్ సింక్ ఆన్ చేస్తే ఆట మూసి ఉన్నా నడక లెక్కలోకి వస్తుంది. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2 కిలోమీటర్లకి కాస్త పైన, 2,388 మెట్లు. కొండ ఎక్కేవాళ్ళు ఎట్లాగూ నడుస్తారు, ఆ దూరానికి గుడ్డు పెట్టుకుని ఫోను జేబులోనో సంచీలోనో ఉంచండి, అంతవరకే. మెట్ల మీద ఫోను చూస్తా ఎక్కొద్దు. తడి ఉన్నచోట ఒక్క మెట్టు తప్పినా పెద్ద దెబ్బ, పక్కన పెద్దవాళ్ళు, పిల్లలు నడుస్తా ఉంటారు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక పాపని పొట్టన పెట్టుకున్న సంగతి మరిచిపోకండి. గుంపుతో నడవాల్సిన చోట ఆట కోసం వెనకబడటం, పక్కకి జరగడం చేయకూడదు. దర్శనం క్యూలోకి ఫోను అనుమతి లేదు, కౌంటర్‌లో ఇచ్చేయాలి. బయట గుళ్ళ దగ్గరా లోపలికి ఫోను తీసుకుపోయి స్టాప్ తిప్పాల్సిన (బాల్స్ తీసుకోవాల్సిన) అవసరమే లేదు. స్టాప్ 80 మీటర్ల దూరం నుంచి అందుతుంది, బయటి వీధిలో నీడన నిలబడి తిప్పండి.

గాలిగోపురం
ఈ మాట మన గ్రూపులో అందరికీ పంపండి. నడిచే భక్తులకి మన వల్ల ఇబ్బంది రాకూడదు.

అలిపిరి_అన్వేషి
ఆ 80 మీటర్ల సంగతి మంచి టైములో వచ్చింది. ఫీడ్‌బ్యాక్ పనిచేస్తాదా అని నేను అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. 2020లో 40 నుంచి 80 చేసినారు, 2021 ఆగస్టులో కొన్ని దేశాల్లో మళ్ళీ 40కి తగ్గించినారు. ఆటగాళ్ళు అందరూ ఒకే మాట మీద నిలబడి రాసినారు, ఆ నెల దాటకుండానే 80 శాశ్వతం చేసినారు.

పలమనేరు_పిడ్జీ
2023 ఏప్రిల్ సంగతి కూడా చెప్పండి. దూరం నుంచే రెయిడ్ ఆడనిచ్చే రిమోట్ రెయిడ్ పాస్ 100 కాయిన్‌ల నుంచి 195 చేసి, రోజుకి అయిదే అన్నారు. అప్పుడు కూడా అంతే గట్టిగా అడిగారు, ధర వెనక్కి రాలేదు.

అలిపిరి_అన్వేషి
రెండిటికీ తేడా చూడండి. ఒకటి నడిచేవాళ్ళ భద్రత, దాని మార్పుకి కంపెనీకి పైసా నష్టం లేదు. రెండోది వాళ్ళ ఆదాయం. టైము మార్పు మొదటి రకంలోకే వస్తాది. 4 నుంచి 7 పెట్టినా మూడు గంటలే, ఈవెంట్ టికెట్లు అవే అమ్ముడుపోతాయి. ఎండ తగ్గితే ఆడేవాళ్ళు పెరగతారు కూడా.

ఎస్వీయూ_స్టార్‌డస్ట్
ఆటగాడే తన మూడు గంటలు ఎంచుకునేలా అడుగుదామా?

బెర్రీ_బ్యాగు
దాన్ని అడగొద్దండి. మ్యాప్ మీద వచ్చే పోకెమాన్ అందరికీ ఒకటే. నాకు నాలుగింటికి మొదలై మీకు ఆరింటికి మొదలైతే ఆ పొందిక చెడుతుంది, పిడ్జీ గారు చెప్పిన గుంపు కూడా చెదిరిపోతుంది. ఒక్క కోరిక పెడదాం: ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం 4 నుంచి 7. 2019 జులైని ఉదాహరణగా చూపిద్దాం. షైనీ రేటు, టికెట్ ధర, స్టాప్‌లు ఇవేవీ ఇందులో కలపొద్దు.

పలమనేరు_పిడ్జీ
మరి వేరే దేశాలోళ్ళకి ఏప్రిల్‌లో చలి ఉంటాది కదా. వాళ్ళకి ఏడు గంటలకి చీకటి.

బెర్రీ_బ్యాగు
అందుకే లోకమంతా మార్చమని అడగొద్దు. ప్రాంతాన్ని బట్టి పెట్టమని అడుగుదాం. టైము ఎట్లాగూ స్థానిక సమయం ప్రకారమే నడుస్తుంది, ఇండియాకి వేరుగా పెట్టడం వాళ్ళ చేతిలో పనే.

అలిపిరి_అన్వేషి
అయితే ఇట్ల రాస్తా: "భారతదేశంలో ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్య చాలా ఊళ్ళలో బయట నడవడం ఆరోగ్యానికి ప్రమాదం. ఆ మూడు నెలలకి కమ్యూనిటీ డేని సాయంత్రం 4 నుంచి 7 దాకా పెట్టండి. 2019 జులైలో ఇదే వేళకి ఈవెంట్ జరిగింది. స్పాట్‌లైట్ అవర్, రెయిడ్ అవర్ ఇప్పటికే సాయంత్రం జరుగుతున్నాయి." ఇంగ్లీషులోకి మార్చి రేపు ఇక్కడే పెడతా. ఆటలోని హెల్ప్ నుంచి ఎవరి అకౌంట్‌తో వాళ్ళు పంపండి. అందరూ ఒకే ముక్క అతికిస్తే లెక్కలోకి రాదేమో, మీ ఊరి పేరు, ఆ రోజు ఎండ ఎంతో రాసి మొదటి వాక్యం మీ మాటల్లో పెట్టుకోండి.

తిలక్‌రోడ్_ట్రైనర్
అంతవరకు మనకి 2 నుంచి 5 తప్పదు. ప్రకాశం పార్కులో చెట్ల కిందికి మూడున్నరకి వస్తే ఎట్లుంటాది? మొదటి గంటన్నర వదిలేసుకుని చివరి గంటన్నర గట్టిగా ఆడదాం.

గాలిగోపురం
అదే మంచిది. మూడున్నరకి వంద శాతం చార్జ్‌తో రండి, స్టార్‌పీస్‌లు మూడు చాలు. మనిషికో లూర్ తెచ్చుకోండి, ఒకేసారి అందరూ వేయకుండా పక్కపక్క స్టాప్‌లకి పంచుకుంటే అందరికీ అందుతాయి. నీళ్ళ సీసాలో చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర, నిమ్మకాయ పిండుకోండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, వాంతి వచ్చేట్టున్నా ఆట ఆపి నీడకి పోయి పక్కవాళ్ళకి చెప్పండి.

సున్నా_షైనీ
నేనూ వస్తా. వంద నొక్కేదాకా ఎవరూ నన్ను ఆపొద్దు.

చిత్తూరు_చిన్నోడు
కాణిపాకం అన్నా, వినాయకుడి గుడి ఫోటో తీసినాం, గోపురం నిండా పడింది. కానీ గేటు ముందర ఒక ఆటో నిలబడి ఉండాది. పనికొస్తాదా?

కాణిపాకం_కింగ్
ఆటో నంబరు కనపడకపోతే చుట్టుపక్కల ఫోటోకి పనికొస్తాది. మొదటి ఫోటో మాత్రం ఆటో పోయినాక, పొద్దున ఎండ గోపురం మీద పడే టైములో ఇంకోటి తీయండి.